వాటా రోజు తప్పిపోకుండా ఫోన్ క్యాలెండర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పొలం వాటా, అదే ఫామ్ షేర్, తీసుకునేవాళ్లు సీజన్ మొదట్లోనే రైతుకు డబ్బు కట్టేస్తారు. పంట ఉన్నన్నాళ్లూ ఫలానా రోజు, ఫలానా వేళకు వెళ్లి తమ వంతు కూరగాయలు తెచ్చుకుంటారు. ఎంతమంది వాటాదారులుంటే అంత లెక్కన కోత కోస్తారు కాబట్టి, వెళ్లనివాళ్ల వాటా సాధారణంగా పోయినట్టే. అందుకని చాలామంది ఫోన్ క్యాలెండర్‌ను నమ్ముకుంటున్నారు. క్యాలెండర్ పెట్టుకున్నా రోజు తప్పిపోతోందన్న ఉత్తరాలకే ఈసారి చోటిచ్చాం.

ప్రశ్న: మాది రెండు వారాలకోసారి వాటా. 2026 మే 6, బుధవారం మొదలైంది. గూగుల్ క్యాలెండర్‌లో రెండు వారాలకోసారి రిపీట్ అయ్యేలా పెట్టాను. జూలై సగం దాకా బాగానే నడిచింది. జూలై 29న వెళితే "ఈ వారం మీది కాదండీ" అని తిప్పి పంపారు. ఫోన్ తప్పు చూపించిందా?

జవాబు: ఫోన్ మీరు చెప్పినట్టే నడిచింది. "రెండు వారాలకోసారి" అన్న మాటను పొలాల వాళ్లు మూడు రకాలుగా వాడతారు. అచ్చంగా 14 రోజులకోసారి అనేది ఒకటి. నెలలో మొదటి బుధవారం, మూడో బుధవారం అనేది రెండోది. వారాల నంబర్లను బట్టి సరి వారాలు కొందరికి, బేసి వారాలు కొందరికి అనేది మూడోది. మీ తేదీలు చూస్తే మీ పొలానిది రెండో పద్ధతిలా ఉంది.

మే 6, 20, జూన్ 3, 17, జూలై 1, 15. ఇంతవరకూ 14 రోజుల లెక్క వేసినా, మొదటి-మూడో బుధవారాల లెక్క వేసినా తేదీలు ఒకటే. అయితే జూలైలో ఐదు బుధవారాలున్నాయి. 14 రోజుల లెక్కలో తర్వాతిది జూలై 29, పొలం లెక్కలో ఆగస్టు 5. అక్కడ దారి తప్పింది. తమాషా ఏమిటంటే, సెప్టెంబరులోనూ ఐదు బుధవారాలున్నందువల్ల అక్టోబరు 7న రెండు లెక్కలూ మళ్లీ కలుస్తాయి. ఏమీ సరిచేయకుండా వదిలేసినా, ఫోన్ తనంతట తానే బాగుపడినట్టు కనిపిస్తుంది!

ఇప్పుడు చేయాల్సింది ఇది. జూలై 29 ఈవెంట్ తెరిచి డిలీట్ నొక్కండి. మూడు ఎంపికలు వస్తాయి. "దిస్ అండ్ ఫాలోయింగ్ ఈవెంట్స్" ఎంచుకుంటే జరిగిపోయినవి ఉండిపోయి, రాబోయేవన్నీ పోతాయి. తర్వాత ఆగస్టు 5న కొత్త ఈవెంట్ పెట్టి, రిపీట్‌లో "మంత్లీ ఆన్ ద ఫస్ట్ వెన్స్‌డే" ఎంచుకోండి. ఆగస్టు 19న ఇంకొకటి పెట్టి "థర్డ్ వెన్స్‌డే" ఇవ్వండి. మీరు ఈవెంట్ పెట్టిన తేదీ నెలలో ఎన్నో బుధవారమైతే ఆ ఎంపికే కనిపిస్తుంది కాబట్టి, ముందు తేదీ సరిగ్గా ఉండాలి.

సరి-బేసి పద్ధతి పాటించే పొలాల వాటాదారులకు ఒక హెచ్చరిక. వారాలకు నంబర్లు వేసే అంతర్జాతీయ ప్రమాణం, అదే ఐఎస్ఓ లెక్కలో, మామూలుగా ఏడాదికి 52 వారాలు. 2026కు మాత్రం 53. డిసెంబరు 28న మొదలయ్యేది 53వ వారం, 2027 జనవరి 4న మొదలయ్యేది 1వ వారం. రెండూ బేసివే. శీతకాలపు వాటా ఉన్నవాళ్లలో బేసి జట్టుకు వరసగా రెండు వారాలు వస్తాయి, సరి జట్టుకు మూడు వారాల ఎడం పడుతుంది. పొలం వాళ్లు దాన్ని అలాగే వదిలేస్తారా, సర్దుతారా అన్నది ముందే అడగండి.

ఏ పద్ధతైనా సరే, సీజన్ మొత్తానికి తేదీల జాబితా ఇమ్మని అడిగి తీసుకోండి. రిపీట్ పెట్టాక క్యాలెండర్‌ను నెలవారీగా తెరిచి, జాబితాలోని ఒక్కో తేదీకీ టిక్కు పెట్టుకుంటూ చివరిదాకా చూడండి. ఐదు నిమిషాల పని.

ప్రశ్న: మా సీజన్ 20 వారాలు. రిపీట్‌లో "20 సార్ల తర్వాత ఆపు" అని పెట్టాను. మధ్యలో ఒక వారం పొలం సెలవన్నారు, ఆ ఒక్కటి డిలీట్ చేశాను. చివరి వారం వాటా ఉందని ఎవరో చెప్పేదాకా నాకు తెలియదు, క్యాలెండర్‌లో లేదు. ఎందుకిలా?

జవాబు: క్యాలెండర్ ముందు 20 తేదీలు లెక్కపెట్టుకుంటుంది, మీరు తీసేసింది ఆ తర్వాత మినహాయిస్తుంది. అంటే మిగిలేవి 19. పోయిన దానికి బదులుగా చివర్లో ఒకటి చేర్చదు. ఇది ఏదో ఒక యాప్ లోపం కాదు. యాప్‌లు ఒకదానితో ఒకటి ఈవెంట్లు పంచుకోవడానికి వాడే ఐక్యాలెండర్ ప్రమాణంలోనే, 2009 నాటి ఆర్ఎఫ్‌సీ 5545 అనే పత్రంలో, లెక్క అలా ఉంది. మొదటి రోజు కూడా ఆ 20లో ఒకటి. "మొదటిది కాక 20" అనుకుని పెట్టినవాళ్లకూ చివర్లో ఒకటి తగ్గుతుంది.

పొలం వాటాకు "ఇన్నిసార్లు" అన్న ఎంపిక కన్నా "ఫలానా తేదీ దాకా" అన్నదే మేలు. సెలవు వారం వల్ల సీజన్ ఒక వారం ఆలస్యంగా ముగిసేలా ఉంటే ఆ ముగింపు తేదీ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. మార్చాక, చివరి వాటా రోజు క్యాలెండర్‌లో నిజంగా కనిపిస్తోందో లేదో కూడా చూడండి.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. ఒక వారం బుధవారానికి బదులు గురువారం అన్నారనుకోండి, ఆ ఒక్క ఈవెంట్‌నే జరిపి "దిస్ ఈవెంట్" అంటారు. ఇంతవరకూ బాగుంది. తర్వాతెప్పుడో వేళ మారిందని అంతకన్నా ముందు తేదీ తెరిచి, "దిస్ అండ్ ఫాలోయింగ్" అని సేవ్ చేస్తే, గూగుల్ క్యాలెండర్ ఆ తేదీ నుంచి వరసను కొత్తగా కట్టేస్తుంది. గురువారానికి జరిపింది మళ్లీ బుధవారానికి వచ్చేస్తుంది. కాబట్టి మొత్తం వరసకు వర్తించే మార్పులు ముందు, ఒక్కో వారం సర్దుబాట్లు తర్వాత. తప్పనిసరై వరస మారిస్తే, చేత్తో జరిపినవాటిని మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

ప్రశ్న: సాయంత్రం 4:30 నుంచి 7 దాకా తీసుకోవచ్చు. 4 గంటలకు ఫోన్ మోగుతుంది. అప్పుడు పనిలో ఉంటాను, సరేలే అనుకుంటాను, 7:15కి గుర్తొస్తుంది. సంచి అయితే ఎప్పుడూ ఇంట్లోనే ఉండిపోతుంది.

జవాబు: క్యాలెండర్ గంట, అంటే నోటిఫికేషన్, ఎప్పుడూ ఈవెంట్ మొదలయ్యే వేళ నుంచి వెనక్కి లెక్కేసి మోగుతుంది. "ముగియడానికి అరగంట ముందు" అని చెప్పే వీలు అందులో లేదు. మీరు ఈవెంట్‌ను 4:30–7 అని పెట్టారు కాబట్టి, మీకు అక్కరలేని వేళకు మోగుతోంది. పొలం వాళ్ల వేళ పేరులో రాయండి, మీరు బయల్దేరే వేళను ఈవెంట్ వేళగా పెట్టండి. ఉదాహరణకు పేరు "వాటా, 7 లోపు", వేళ 5:30–6:15. గంట 5:20కి, అంటే 10 నిమిషాల ముందు. కుర్చీలోంచి లేవాల్సిన క్షణంలో మోగితేనే దానికి విలువ.

సంచికి వేరే గంట కావాలి, అదీ ముందు రాత్రి. "1 రోజు ముందు" అని పెడితే ముందు రోజు సాయంత్రం 5:30కే మోగుతుంది, దాని వల్ల ఉపయోగం లేదు. రాత్రి 9కి మోగాలంటే 9 నుంచి మర్నాటి 5:30 దాకా ఇరవైన్నర గంటలు. గంటల్లో సగం పెట్టలేం కాబట్టి నిమిషాల్లో 1230 అని ఇవ్వండి. గూగుల్ క్యాలెండర్‌లో ఒక ఈవెంట్‌కు ఇలాంటివి ఐదు దాకా పెట్టుకోవచ్చు, రెండు చాలు. ఎక్కువైతే చూడకుండానే చేత్తో తోసేయడం అలవాటవుతుంది. మీ యాప్‌లో నిమిషాలు టైప్ చేసే వీలు లేకపోతే రాత్రి 9కి "సంచులు బండిలో పెట్టాలి" అని చిన్న ఈవెంట్ వేరుగా పెట్టేయండి, అదీ అదే వరసలో రిపీట్ అవుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఒక వారం ఆయన, ఒక వారం నేను వెళ్తాం. ఇద్దరి ఫోన్లలోనూ ఉంది. అయినా ఒకసారి ఇద్దరమూ వెళ్లాం, ఇంకోసారి ఎవరమూ వెళ్లలేదు.

జవాబు: ఇద్దరి ఫోన్లలో విడివిడిగా ఉంటే అవి రెండు క్యాలెండర్లు, ఒకదాంట్లో మార్చింది రెండోదానికి తెలియదు. "వాటా" అని కొత్త క్యాలెండర్ ఒకటే పెట్టి ఇద్దరూ పంచుకోండి. గూగుల్‌లో అయితే కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి, ఎడమపక్క "అదర్ క్యాలెండర్స్" దగ్గరున్న ప్లస్ గుర్తు నొక్కి కొత్తది చేయాలి. తర్వాత దాని సెట్టింగ్స్‌లో మీవారి ఈమెయిల్ చేర్చి "మేక్ చేంజెస్ టు ఈవెంట్స్" అనుమతి ఇవ్వండి. "సీ ఆల్ ఈవెంట్ డీటెయిల్స్" ఇస్తే చూడగలరు, మార్చలేరు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. క్యాలెండర్ పంచుకుంటే గంటలు కూడా పంచుకున్నట్టు కాదు. ఎవరి నోటిఫికేషన్లు వాళ్లవే. మీ ఫోన్లో మోగినంత మాత్రాన ఆయన ఫోన్లో మోగదు. ఆయన ఖాతాలోకి వెళ్లి ఆ క్యాలెండర్‌కు నోటిఫికేషన్లు వేరుగా పెట్టాలి.

ఎవరి వంతో పేరులోనే ఉండాలి: "వాటా – అమ్మ", "వాటా – నాన్న". ఒక్కొక్కరికి రెండు వారాలకోసారి వచ్చేలా రెండు వరసలు పెట్టి రంగులు వేరు చేయండి. వంతులు మార్చుకున్న వారం ఆ ఒక్కదాని పేరు మార్చితే చాలు. గూగుల్ టాస్క్స్‌లో పెట్టొద్దు. టాస్క్ పెట్టుకున్నవాళ్లకే కనిపిస్తుంది, క్యాలెండర్ పంచుకున్నవాళ్లకు కనిపించదు. మార్చే అనుమతి ఉన్నవాళ్లు పొరపాటున డిలీట్ చేస్తే అందరికీ పోతుంది. అయితే ట్రాష్‌లో 30 రోజుల దాకా ఉంటుంది, బ్రౌజర్‌లో ఆ క్యాలెండర్ ట్రాష్ తెరిచి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ప్రశ్న: పక్కింటివాళ్లూ మేమూ ఒకే వాటా కొని వారం విడిచి వారం తెచ్చుకుంటున్నాం. సెలవు వారం వస్తే వంతు ఎవరిది?

జవాబు: అది క్యాలెండర్ తేల్చదు, మీరిద్దరూ తేల్చుకోవాలి. వంతులు తేదీకి కట్టుబడి ఉంటే సెలవు పడినవాళ్లకు ఆ వంతు పోతుంది. వాటాకు కట్టుబడి ఉంటే ఆ వంతు తర్వాతి వారానికి జరుగుతుంది, అక్కణ్ణుంచి అందరి తేదీలూ తారుమారవుతాయి. డబ్బు చెరి సగం కట్టినవాళ్లకు రెండోదే న్యాయం. దానికి క్యాలెండర్‌లో ఇలా చేయండి: సెలవు వారం ఈవెంట్ తీసేసి, తర్వాతి తేదీ నుంచి రెండు వరసలనూ "దిస్ అండ్ ఫాలోయింగ్"తో ఆపి, వంతులు తిప్పి కొత్తగా మొదలుపెట్టండి. ఒక్కో ఈవెంట్ పేరూ మారుస్తూ పోతే మధ్యలో ఎక్కడో ఒకటి మరిచిపోతారు.

పక్కింటివాళ్లతో పంచుకునే క్యాలెండర్‌లో గేటు కోడ్, పాస్‌వర్డ్ లాంటివి రాయొద్దు. క్యాలెండర్ రహస్య లింకు ఎవరి చేతికి చిక్కినా అన్నీ చదవగలరు. చిక్కిందన్న అనుమానముంటే సెట్టింగ్స్‌లో ఆ లింకును రీసెట్ చేస్తే పాతది పనిచేయదు.

ప్రశ్న: పొలం వాళ్లు క్యాలెండర్ లింకు ఇచ్చారు. చేర్చుకున్నాను. కానీ వాన వల్ల రేపటికి మార్చామని మెసేజ్ వచ్చిన రోజు కూడా నా క్యాలెండర్ పాత తేదీనే చూపించింది. లింకు చెడిపోయిందా?

జవాబు: రెండు సంగతులుండొచ్చు. మీరు లింకుతో చేరారా, ఫైల్ దించుకుని ఇంపోర్ట్ చేశారా? ఇంపోర్ట్ చేస్తే ఆనాటి తేదీలు ఒకసారి వచ్చి అక్కడే ఆగిపోతాయి. తర్వాత పొలం వాళ్లు ఎన్ని మార్చినా మీకు రావు. "ఫ్రమ్ యూఆర్ఎల్" దగ్గర లింకు అతికిస్తేనే మార్పులు వస్తుంటాయి. అలా వచ్చిన ఈవెంట్‌ను మీరు మార్చలేరు. ఆ తేడాతో మీది ఏ రకమో ఇట్టే తెలిసిపోతుంది.

లింకుతో చేరినా మార్పు వెంటనే రాదు. కనిపించడానికి 12 గంటల దాకా పట్టొచ్చని గూగుల్ తన సహాయ పేజీలోనే చెబుతుంది. "ఇప్పుడే తాజా చెయ్యి" అని ఒత్తిడి చేసే బటన్ కూడా అక్కడ లేదు. మ్యాక్‌లో అయితే ఎంతసేపటికోసారి తాజా చేయాలో, 5 నిమిషాల నుంచి వారం దాకా, మీరే ఎంచుకోవచ్చు. కాబట్టి సీజన్ తేదీలకు లింకు, అదే రోజు మార్పులకు మెసేజ్. ఈ రెండింటి పని వేరని పొలం వాళ్లకూ తెలిసి ఉండాలి.

ఐఫోన్‌లో లింకు క్యాలెండర్ గంటలు మోగడం లేదంటే, దాని సెట్టింగ్స్‌లో "రిమూవ్ అలారమ్స్" ఆన్‌లో ఉందేమో చూడండి. గడియారాలను ఏడాదికి రెండుసార్లు ముందుకూ వెనక్కూ జరిపే దేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో ఇబ్బంది: ఉన్నట్టుండి అన్ని ఈవెంట్లూ సరిగ్గా ఒక గంట అటో ఇటో జరిగితే, ఆ ఫైల్‌ను స్థానిక టైమ్ జోన్‌లో కాక యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో తయారుచేశారన్నమాట. దాన్ని వాళ్లే సరిచేయాలి.

ప్రశ్న: నేను వాటాల పంపిణీ చూసుకుంటాను. మా తేదీలు ఒక పద్ధతిలో ఉండవు, రిపీట్ కుదరదు. ఒక్కొక్కటీ టైప్ చేయకుండా మార్గముందా?

జవాబు: ఉంది. స్ప్రెడ్‌షీట్‌లో రాసి సీఎస్‌వీగా, అంటే గడుల మధ్య కామాలు పెట్టే మామూలు అక్షరాల ఫైల్‌గా, సేవ్ చేసి, కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లోని "ఇంపోర్ట్" దగ్గర ఎక్కించండి. మొదటి వరసలో నిలువు వరసల పేర్లుండాలి: సబ్జెక్ట్, స్టార్ట్ డేట్, స్టార్ట్ టైమ్, ఎండ్ డేట్, ఎండ్ టైమ్, డిస్క్రిప్షన్, లొకేషన్. వీటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. మొదటి రెండూ తప్పనిసరి, మిగతావి మీ ఇష్టం. తేదీకో వరస.

తప్పులు జరిగేది ఇక్కడ. తేదీని నెల ముందు, రోజు తర్వాత రాయాలి: 05/30/2026. రోజు ముందు రాసే అలవాటున్న చోట 06/05 అంటే మే 6 అనుకుంటాం, అది జూన్ 5గా ఎక్కుతుంది, పైగా తప్పని చెప్పే హెచ్చరిక కూడా రాదు. అందుకే ఎక్కించాక 12 లోపు తేదీలున్న ఈవెంట్లను ప్రత్యేకంగా చూడండి. స్ప్రెడ్‌షీట్ సేవ్ చేసేటప్పుడు తనంతట తాను తేదీ రూపం మార్చేస్తుంటుంది, ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అసలు ఏముందో తెలుస్తుంది. పేర్లు తెలుగులో రాస్తే "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అన్న రకంలోనే సేవ్ చేయాలి. లేకపోతే ప్రశ్నార్థకాలు మిగులుతాయి. నోట్‌ప్యాడ్‌లో చేత్తో రాస్తుంటే, కామాలున్న చిరునామాను జంట కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి, లేదంటే మిగతా ముక్క పక్క గడిలోకి జారిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: ముందుగా ఖాళీ క్యాలెండర్ ఒకటి చేసి అందులోకే ఎక్కించండి. ఒకే ఫైల్ రెండుసార్లు ఎక్కిస్తే ప్రతి తేదీకీ రెండేసి ఈవెంట్లు పడతాయి. మీ సొంత క్యాలెండర్‌లో పడితే ఒక్కొక్కటిగా ఏరాలి. వేరే క్యాలెండర్ అయితే దాన్నే డిలీట్ చేసి మళ్లీ మొదలుపెడతారు. సరిగ్గా ఉందని నమ్మకం కుదిరాకే సభ్యులకు లింకు పంపండి.

ప్రశ్న: కూరగాయలు వారం వారం, గుడ్లు రెండు వారాలకోసారి, పళ్లు నెలకోసారి. ఒకే రోజు ఫోన్ మూడుసార్లు మోగుతోంది.

జవాబు: వెళ్లేది ఒక్కసారే కాబట్టి మోగేది ఒక్కటే ఉండాలి. వారం వారం వెళ్లే ఈవెంట్‌కే గంట ఉంచండి. గుడ్లు, పళ్లు అదే తేదీన రోజంతా ఉండే ఈవెంట్లుగా, నోటిఫికేషన్ లేకుండా పెట్టండి. ఆ రోజు పైన పట్టీలా కనిపిస్తాయి. రోజంతా ఈవెంట్లకు గూగుల్ తన డిఫాల్ట్ గంటను వేరుగా పెడుతుంది, దాన్ని తీసేయడం మరవకండి.

ప్రశ్న: అన్నీ సరిగ్గానే పెట్టాను, ఆండ్రాయిడ్ ఫోన్ అసలు మోగదు.

జవాబు: ఫోన్ సెట్టింగ్స్‌లో క్యాలెండర్ యాప్‌కు నోటిఫికేషన్ అనుమతి ఉందా, బ్యాటరీ ఆదా పేరుతో ఆ యాప్‌ను ఆపేస్తోందా, ఆ ఖాతాకు సింక్ ఆన్‌లో ఉందా, డూ నాట్ డిస్టర్బ్ ఆ వేళకు అమల్లో ఉందా – ఈ నాలుగూ ఈ వరసలోనే చూడండి. పది నిమిషాల తర్వాతి వేళకు ఒక ఉత్తుత్తి ఈవెంట్ పెట్టి, స్క్రీన్ ఆపేసి పక్కన పెడితే సరి అయిందో లేదో తెలిసిపోతుంది.

ప్రశ్న: ఊరెళ్లినప్పుడు వాటా ఆపమని చెప్పాలని ఉంటుంది. చెప్పేసరికి గడువు దాటిపోతుంది.

జవాబు: పొలం వాళ్లు ఎన్ని రోజుల ముందు చెప్పమన్నారో చూసి, ఆ గడువునే ఒక ఈవెంట్‌గా పెట్టండి. వాటా బుధవారం, మూడు రోజుల ముందు చెప్పాలంటే గడువు ఆదివారం. గంట మాత్రం శనివారం సాయంత్రం మోగాలి, ఆదివారం రాత్రి మోగితే మెసేజ్ పంపడానికి వేళ మిగలదు. పేరు "వచ్చే బుధవారం ఊళ్లో ఉంటామా?" అని ప్రశ్నలా రాయండి, చూడగానే జవాబు తడుతుంది. ప్రయాణం టికెట్లు తీసుకున్న రోజే ఆ వారం వాటా ఈవెంట్ తెరిచి, పేరు చివర "ఆపాలి" అని చేర్చండి. పొలం వాళ్లకు చెప్పి, వాళ్లు సరేనన్నాక దాన్ని "ఆపారు" అని మార్చండి. డిలీట్ చేయకండి. చేస్తే, సీజన్ చివర్లో ఎన్ని వాటాలు ఆపించుకున్నారో, బదులు ఎన్ని రావాలో చూసుకోవడానికి ఏమీ మిగలదు.